అత్తయ్యకు చెప్పిన వుదరింగ్ హైట్స్

మా అత్తయ్యకు ఇంగ్లీషు ముక్క రాదు. తెలుగైనా కూడబలుక్కుని చదవడమే. సంతకం చెయ్యడం మాత్రం నేర్చుకుంది, అదీ నలభై దాటాక. ఎందుకు నేర్చుకుందో తరవాత చెబుతాను. అలాంటి మనిషి ఎమిలీ బ్రాంటీ రాసిన వుదరింగ్ హైట్స్ అనే ఇంగ్లీషు నవల గురించి నాతో మాట్లాడినట్టు, ఆ తరవాత ఎం.ఏ. క్లాసులో కూడా ఎవరూ మాట్లాడలేదు.

తెనాలి దగ్గర పల్లెటూరు మాది. 1986, 87 ప్రాంతం, నేను బి.ఏ. చదువుతున్నాను. ఇంట్లో వారపత్రికలు వచ్చేవి. బస్టాండు పక్కన అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. మేమంతా సీరియల్ హీరోల మీద బతికేవాళ్లం. పొడుగ్గా ఉండాలి, కారుండాలి, పొగరుండాలి. హీరోయిన్‌ని నానా మాటలూ అని, ఆఖరి వారం కరిగిపోవాలి. మా లెక్చరర్ ఒకావిడ, నా పిచ్చి చూసి, "నీ హీరోలందరికీ తాత ఒకడున్నాడు, చదువు" అని పేరు రాసిచ్చారు. విజయవాడ వెళ్లినప్పుడు ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల మధ్య దొరికింది. అట్ట సగం ఊడిపోయింది. మొదటి పేజీలో ఎవరిదో పెళ్లికానుక చేవ్రాలు. ఇలాంటి పుస్తకం పెళ్లికానుకగా ఇచ్చిన మనిషెవరో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

చదవడం మొదలుపెడితే కొరుకుడు పడలేదు. జోసెఫ్ అని ఒక ముసలి నౌకరు ఉంటాడు, వాడు మాట్లాడేది యార్క్‌షైర్ యాస. డిక్షనరీలో ఒక్క మాటా ఉండదు. ఇద్దరు కేథరీన్లు, ఇంటిపేర్లే పేర్లుగా ఉన్న పిల్లలు. సాయంత్రం అరుగు మీద కూర్చుని గొణుక్కుంటుంటే, వత్తులు చేసుకుంటున్న అత్తయ్య "ఏంటే ఆ కుస్తీ? కథేగా, చెప్పు, నేనూ వింటాను" అంది. అలా మొదలైంది. పగలు నేను చదవడం, దీపాలవేళ ఆవిడకు చెప్పడం. చెప్పాలంటే ముందు నాకు అర్థం కావాలి కదా, ఆ భయంతోనే పుస్తకం ముందుకు నడిచింది.

పేర్లు ఆవిడ నోటికి పట్టలేదు. అందుకని తనే పెట్టుకుంది. గాలికి ఎదురుగా గుట్ట మీద ఉన్న వుదరింగ్ హైట్స్ మెరకిల్లు. కింద లోయలో, చెట్ల మధ్య, ఎర్ర తివాచీలు పరుచుకున్న త్రష్‌క్రాస్ గ్రేంజ్ పల్లపిల్లు. తల్లీకూతుళ్లు పెద్ద కేతమ్మ, చిన్న కేతమ్మ. హీత్‌క్లిఫ్‌ను "ఆ దొరికినోడు" అనేది.

వాడు దొరికిన సంగతి మొదటి రోజే తేల్చేసింది. మెరకింటి పెద్దాయన లివర్‌పూల్‌కు అరవై మైళ్లు కాలినడకన వెళ్తాడు. కొడుకు ఫిడేలు తెమ్మంటాడు, కూతురు కొరడా తెమ్మంటుంది. తిరిగొచ్చి కోటు విప్పితే లోపలినుంచి ఒక నల్లటి పిల్లాడు బయటపడతాడు. ఫిడేలు ముక్కలైపోయింది, కొరడా దారిలో ఎక్కడో పడిపోయింది. వీధిలో దిక్కులేకుండా దొరికాడు, జాలిపడి తెచ్చానంటాడాయన. చిన్నప్పుడే చనిపోయిన తన కొడుకు పేరే వాడికి పెడతాడు.

"పోను అరవై, రాను అరవై. ఊరికే తెచ్చాడంటావా?" అంది అత్తయ్య, వత్తి నలుపుతూ.

"ఏమో అత్తా, పుస్తకంలో అంతే ఉంది."

"పుస్తకం రాసినావిడకు తెలుసులే. నీకే చెప్పలేదు."

ఈ అనుమానం విమర్శకుల్లో చాలామందికి ఉందని తరవాతెప్పుడో తెలిసింది.

ఆ నవల దాదాపు అంతా చెప్పేది నెల్లీ డీన్ అనే పనిమనిషి. ఆ ఇళ్లల్లో పుట్టిన పిల్లల్ని ఎత్తుకుని, జబ్బులొస్తే సేవ చేసి, ఎవరు పోయినా ముందు తనే చూసిన మనిషి. ఊరికి కొత్తగా వచ్చి జ్వరంతో పడుకున్న అద్దె పెద్దమనిషికి, కుట్టుపని ఒళ్లో పెట్టుకుని చెబుతుంది. మా అరుగు మీదా ఇంచుమించు అదే వ్యవహారం, కాకపోతే ఇక్కడ జ్వరం కథ చెప్పేదానికి.

తొమ్మిదో అధ్యాయం గురించి చెప్పకపోతే ఈ పుస్తకం సంగతి చెప్పినట్టే కాదు. వంటింట్లో నెల్లీ పసిపిల్లాణ్ణి ఒళ్లో వేసుకుని ఊపుతూ ఉంటుంది. కేథరీన్ వచ్చి, పల్లపింటి ఎడ్గార్ లింటన్ పెళ్లి చేసుకుంటానన్నాడు, సరేనన్నాను అంటుంది. ఎందుకు ఒప్పుకున్నావంటే అందగాడు, డబ్బున్నవాడు, ఈ చుట్టుపక్కల నేనే గొప్పదాన్నవుతాను అని లెక్క చెబుతుంది. పెద్దాయన పోయాక అన్న హిండ్లీ హీత్‌క్లిఫ్‌ను పాలేరు కింద దించేశాడు కదా, ఇప్పుడు వాణ్ణి చేసుకుంటే నా స్థాయి దిగిపోతుంది అంటుంది. బల్ల చాటున చీకట్లో కూర్చున్న హీత్‌క్లిఫ్ అంతవరకే విని చప్పుడు చెయ్యకుండా లేచి వెళ్లిపోతాడు. వాడు వెళ్లాక అంటుంది, మా ఇద్దరి ఆత్మలూ ఒకే ముద్దలోవి, నేనే హీత్‌క్లిఫ్‌ను అని. వాడు వినాల్సిన మాట, వాడు గడప దాటాక.

నేనా పేజీ మొత్తం నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నాను. చెబుతుంటే గొంతు కూడా వణికింది. అత్తయ్యకు అదేం పట్టలేదు.

"ఉండవే. ఇతన్ని చేసుకుని, మరి ఆ దొరికినోణ్ణి ఏం చేద్దామనుకుంది?"

"ఎడ్గార్‌ను చేసుకుంటే హీత్‌క్లిఫ్‌ను అన్న చేతుల్లోంచి తప్పించి పైకి తీసుకురావచ్చని."

"మొగుడి డబ్బుతోనా?"

నేను పుస్తకం కేసి చూశాను. నెల్లీ కూడా సరిగ్గా ఆ ప్రశ్నే వేస్తుంది, నీ మొగుడి డబ్బుతోనా అని. నేనింకా ఆ ముక్క అత్తయ్యకు చెప్పలేదు.

అయితే నెల్లీ మీద మటుకు ఆవిడకు గురి లేదు. వాడు లేచి వెళ్లడం నెల్లీ కళ్లారా చూసి కూడా అప్పటికప్పుడు కేథరీన్‌కు చెప్పదు. "చూసి నోరు మూసుకుందా? ఒక్క కేక వేస్తే వాడు ఆగేవాడు. ఇంటి గుట్టు తెలిసిన మనిషి మాట్లాడాల్సినప్పుడు మాట్లాడకపోతే ఇంతే" అంది. ఈ నవలలో అసలు విలన్ నెల్లీయేనని 1958లో జేమ్స్ హాఫ్లీ అనే విమర్శకుడు ఒక వ్యాసమే రాశాడు. అత్తయ్యకు దానికి ఒక సాయంత్రం పట్టింది.

మూడేళ్ల తరవాత హీత్‌క్లిఫ్ తిరిగొస్తాడు. దర్జాగా, డబ్బుతో. ఎక్కడికి వెళ్లాడో, ఎలా సంపాదించాడో రచయిత్రి చివరిదాకా చెప్పదు. నాకదో పెద్ద మిస్టరీ, రొమాన్సు. అత్తయ్యకు మిస్టరీ లేదు. "బర్మా రంగం వెళ్లి సంపాయించుకొచ్చినోళ్లని మేం చూడలేదా" అని ఊరుకుంది. ఆవిడ చెవులు నిక్కబొడుచుకున్నది దాని తరవాతి సంగతికి. వచ్చినవాడు కేథరీన్ కోసమే వచ్చాడు కదా, మరి మకాం ఎక్కడ పెట్టాడు? తనను కొట్టి, హింసించిన హిండ్లీ ఇంట్లోనే, అడిగినంత అద్దె ఇచ్చి. హిండ్లీ అప్పటికే భార్య పోయి తాగుడులో ఉన్నాడు. ఇద్దరూ రాత్రిళ్లు పేక ముందేసుకుంటారు.

ఆవిడ చేతిలో దూది ఆగిపోయింది.

"పేకాటా? అయితే తనఖా పెట్టించుకుంటాడు చూడు. ఇది ప్రేమ కాదే, పొలం తగాదా."

నాకు ఒళ్లు మండింది. ఒక మహా ప్రేమకథను పట్టుకుని పొలం తగాదా అంటుందేమిటి! నేనప్పటికి అంతదూరం చదవలేదు. పదిహేడో అధ్యాయంలో హిండ్లీ చచ్చిపోతాడు, గట్టిగా ఇరవై ఏడేళ్లు కూడా దాటవు. అప్పుడు ప్లీడరు ద్వారా తెలుస్తుంది, అతను జూదం కోసం తనకున్న నేలంతా, గజం మిగలకుండా, తనఖా పెట్టాడని. తనఖా పట్టింది హీత్‌క్లిఫ్.

ఆ సాయంత్రం నేను పుస్తకం తెరవకముందే ఆవిడ "రాయించుకున్నాడా?" అని అడిగింది.

ఇక్కడ అత్తయ్య సంగతి చెప్పాలి. మామయ్య చిన్న వయసులోనే పోయాడు, పిల్లల్లేరు. రెండెకరాల మాగాణి ఆవిడ భాగానికి వచ్చింది. అత్తింటివైపు దగ్గరివాడే ఒకాయన, సొసైటీ అప్పు తిరగరాయాలని చెప్పి కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నాడు. అవి తనఖా కాగితాలు. తెలిసేసరికి పొలం చేతులు మారింది. ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగి, చివరికి రాజీ పడి, వచ్చిన నాలుగు రాళ్లతో మా ఇంటికి చేరింది. ఆ వాయిదాల కాలంలోనే మా నాన్న చేత పలక తెప్పించుకుని సంతకం నేర్చుకుంది. దస్తావేజు, రుజువు, స్వాధీనం, హక్కు లాంటి మాటలన్నీ ఆవిడ దగ్గరే నేను విన్నాను. చదువుకున్నవాళ్లం మేం ప్రేమ గురించి వింటుంటే, ఆవిడ సంతకాల గురించి వింటోంది.

అలా విన్నప్పుడు ఆ నవల ఎంత బిగువుగా ఉందో నాకు తెలిసింది. హీత్‌క్లిఫ్‌ది ఉన్మాదమే, అందులో అనుమానం లేదు. కేథరీన్ పద్దెనిమిదేళ్లకే, కూతుర్ని కన్న రాత్రే చచ్చిపోతే, తోటలో చెట్టుకేసి తల బాదుకుంటాడు. దయ్యమై వచ్చి నన్ను పట్టుకో, నన్ను ఒంటరిగా మాత్రం వదలకు అని అరుస్తాడు. పద్దెనిమిదేళ్ల తరవాత ఎడ్గార్ కోసం పక్కన గొయ్యి తవ్వుతుంటే, కాటికాపరి చేత ఆమె పెట్టె మూత తీయించి ముఖం చూస్తాడు. తనను పాతిపెట్టినప్పుడు మధ్య పలక తీసెయ్యమని లంచం ఇస్తాడు. (ఇది చెబితే అత్తయ్య "ఛీ ఛీ, దీపాలవేళ ఆ మాటలేంటే" అని లేచి లోపలికి వెళ్లిపోయింది. మర్నాడు తనే "ఊఁ, పెట్టె మూసేశాడా?" అంది.) ఇంత పిచ్చివాడు, ఆస్తి దగ్గరికి వచ్చేసరికి ఒక్క అడుగు తప్పు వెయ్యడు. ఎడ్గార్ చెల్లెలు ఇసబెల్లా తనమీద మనసు పడిందని కేథరీన్ ఎగతాళిగా చెబితే, వాడు మొట్టమొదట ఆరా తీసేది, అన్న తరవాత వారసురాలు తనే కదా అని. లేచిపోయిన రాత్రి ఆమె కుక్కపిల్లను తోటలో కొక్కేనికి ఉరేసి పోతాడు. నెల్లీ చూసి విప్పబట్టి బతికింది. మా సీరియల్ హీరోల పొగరు చివరి వారానికి ఎలా కరుగుతుందో, ఇసబెల్లా కూడా అలాగే ఎదురుచూసింది పాపం. ఆ పిల్ల నెల్లీకి రాసిన ఉత్తరంలో, ఇతను మనిషేనా, మనిషైతే పిచ్చివాడా, కాకపోతే దయ్యమా అని అడుగుతుంది. నాకు అప్పటికి హీత్‌క్లిఫ్ మీద మోజు తగ్గలేదు. ఆ ఉత్తరం దగ్గర తగ్గింది.

కేథరీన్ చనిపోయిన అధ్యాయానికి నేను వెక్కివెక్కి ఏడిచాను. అత్తయ్య చెక్కు చెదరలేదు. "రెండు పడవల మీద కాళ్లు పెట్టింది, మునిగింది" అంది. ఒక్క సంగతికి మాత్రం తలూపింది. శవం మెడలోని లాకెట్‌లో ఎడ్గార్ జుట్టు ఉంటే, హీత్‌క్లిఫ్ రహస్యంగా వచ్చి అది తీసి పారేసి, తన నల్ల జుట్టు పెట్టిపోతాడు. నెల్లీ చూసి, కిందపడిన ఆ వెంట్రుకలు ఏరి, రెండూ కలిపి మెలేసి లాకెట్‌లో పెట్టి మూసేస్తుంది. "ఆఁ, ఇప్పుడు పని చేసింది మీ నెల్లీ" అంది.

ఆవిడ కళ్ల నీళ్లు పెట్టుకున్నది వేరే చోట. హిండ్లీ కొడుకు హేర్టన్, నెల్లీ ఒళ్లో ఊగిన ఆ పసివాడే, తండ్రి పోయాక హీత్‌క్లిఫ్ చేతిలో పడతాడు. వాడి తండ్రి తనను ఎలా తొక్కాడో, వాణ్ణీ అలాగే తొక్కుతాడు. బడి లేదు, అక్షరం లేదు. తన సొంత ఇంట్లో జీతం లేని జీతగాడు. తనకు అన్యాయం జరిగిందన్న సంగతే వాడికి తెలియదు. ఆ ఇంటి గుమ్మం పైన, ఎప్పుడో వాళ్ల పూర్వీకుడు చెక్కించిన పేరుంది, హేర్టన్ ఎర్న్‌షా అని, 1500 సంవత్సరం అని. వీడి పేరే. వీడికి చదవడం రాదు. చిన్న కేతమ్మ ఎగతాళి చేసిందని దొంగచాటుగా నేర్చుకుని, ఒకరోజు ఆమెను ఆపి, ఇప్పుడు నేనది చదవగలను అని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తన పేరు చదువుతాడు. మరి అంకెలో అంటే, అవింకా రావు అంటాడు. ఆ పిల్ల పకపకా నవ్వుతుంది.

"నవ్విందా?" అంది అత్తయ్య. కాసేపయ్యాక, "అంకెలు కష్టమే. నాకూ పేరే ముందొచ్చింది, తారీఖు వెయ్యడం తరవాతెప్పుడో" అంది. కొంగుతో కళ్లు ఒత్తుకుని "నువ్వు కానీ" అంది.

రెండో సగం, అంటే పిల్లల తరం కథ, చాలామందికి నచ్చదు. సినిమాలు తీసినవాళ్లలో కొందరు దాన్ని పూర్తిగా ఎత్తేశారు కూడా. మా అరుగు మీద మాత్రం అదే పతాక సన్నివేశం. పల్లపింటి పాత యజమాని తన ఆస్తి ముందు కొడుక్కి, కొడుక్కి మగపిల్లలు లేకపోతే మనవరాలికి కాకుండా తన కూతురు ఇసబెల్లా వైపు పోయేట్టు ఏర్పాటు చేసి పోయాడు. అంటే ఎడ్గార్ కూతురు చిన్న కేతమ్మకు భూమి లేదు. ఇసబెల్లా కొడుకు రోగిష్టి, వాడు తండ్రి హీత్‌క్లిఫ్ గుప్పిట్లో. ఈ ఇద్దరికీ ముడిపెడితే అంతా తనదే. అందుకని ఆ పిల్లను, నెల్లీని మెరకింట్లో పెట్టి తాళం వేస్తాడు. అవతల తండ్రి చావుబతుకుల్లో ఉంటే, పెళ్లయితే గాని వదలనంటాడు. చివరికి ఆ పిల్ల ఒకప్పుడు తల్లి పడుకున్న గది కిటికీలోంచి, పక్కన దేవదారు చెట్టు పట్టుకుని దిగి, తండ్రి కన్ను మూసే వేళకు అందుకుంటుంది. వీలునామా మార్పిద్దామని ఎడ్గార్ ప్లీడరుకు కబురు పెడతాడు. ఆ ప్లీడరు గ్రీన్ ఎప్పుడొస్తాడు? ప్రాణం పోయాక. అప్పటికే హీత్‌క్లిఫ్‌కు అమ్ముడుపోయాడు.

అత్తయ్య నవ్వడం మొదలుపెట్టింది. ఎంత నవ్విందంటే మా అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసింది. "వదినా, ఇంగ్లండులో కూడా అంతేనంట! నేనింకా మన జిల్లాలోనే అనుకున్నా!"

ఆడపిల్లలకు కొడుకులతో సమానంగా వాటా అని రామారావు గారి ప్రభుత్వం తెచ్చిన చట్టం గురించి ఊరంతా మాట్లాడుకుంటున్న రోజులవి. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తిస్తుందని, అప్పటికే పెళ్లయినవాళ్లకు లేదని అందులో మెలిక. నేనూ మా చెల్లీ లెక్కలోకి వచ్చాం. అత్తయ్య రాలేదు. "చిన్న కేతమ్మదీ నాదీ ఒకటే ఖాతా" అనేది.

తరవాత ఎం.ఏ. చదువుతుండగా లైబ్రరీలో సి.పి. సాంగర్ రాసిన చిన్న పుస్తకం ఒకటి కంటపడింది. 1926లో అచ్చయింది. ఆయన వృత్తిరీత్యా బారిస్టరు. వుదరింగ్ హైట్స్‌లో తేదీలు, వంశవృక్షం, ఆస్తి హక్కులు అన్నీ విడదీసి, ఆనాటి వారసత్వ చట్టం ఎమిలీ బ్రాంటీకి ఎంత క్షుణ్ణంగా తెలుసో చూపించాడు. చదువుతుంటే ప్రతి పేజీలోనూ మా అరుగే కనిపించింది. అప్పటికి అత్తయ్య లేదు.

ఎమిలీని అందరూ గడ్డి మైదానాల్లో గాలికి తిరిగే స్వప్నజీవి అంటారు. ఆ తల్లిలేని పిల్లల్ని పెంచిన పెద్దమ్మ ఎలిజబెత్ బ్రాన్‌వెల్ 1842లో పోతూ తన డబ్బు తోబుట్టువుల ఆడపిల్లలకు రాసింది. దాన్ని రైల్వే షేర్లలో పెడితే, అక్కచెల్లెళ్ల తరఫున ఆ లెక్కలు చూసింది ఎమిలీయే. పేపర్లో రైల్వేల గురించి ఏ వార్త పడినా, ఏ ప్రకటన పడినా వదలకుండా చదివేదని అక్క షార్లెట్ ఒక ఉత్తరంలో రాసింది. 1847 డిసెంబరులో ఈ నవల వచ్చినప్పుడు పబ్లిషరు న్యూబీ ఎమిలీ, చెల్లెలు ఆన్‌ల దగ్గర ఖర్చుల కింద యాభై పౌండ్లు ఎదురు తీసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి, 1848 డిసెంబరు 19న, ముప్పై ఏళ్లకే ఎమిలీ పోయింది. పుస్తకం మీద కూడా సొంత పేరు లేదు, ఆడో మగో తేలని మారుపేరే, ఎల్లిస్ బెల్ అని. "రాసినావిడకు తెలుసులే" అని అత్తయ్య ఎందుకందో నాకు ఆ రైల్వే షేర్ల దగ్గర అర్థమైంది.

కథ పూర్తయిన రోజు వాన. అరుగు మీద జల్లు కొడుతుంటే లోపల మంచం మీద చెప్పుకున్నాం. హీత్‌క్లిఫ్‌కు చివర్లో పగ కూడా రుచి పోతుంది. రెండిళ్లూ కూల్చే సత్తువ ఉంది, చెయ్యెత్తాలనిపించడం లేదంటాడు. తిండి మానేస్తాడు. తెల్లారి నెల్లీ వెళ్లి చూస్తే, కిటికీ తెరిచి ఉంది, పక్కంతా వానకు తడిసి ఉంది, కళ్లు తెరుచుకునే పోయాడు.

"వీలునామా రాశాడా?"

"లేదత్తా. ఇంకా రాయలేదు, ఎవరికివ్వాలో తెలియడం లేదు, అసలీ ఆస్తిని భూమ్మీద లేకుండా చెయ్యగలిగితే బాగుండును అంటాడు పోయేముందు."

"రాయలేదా!" లేచి కూర్చుంది. "మరి ఆ పిల్లాడి నేల?"

ఆ జోసెఫ్ ముసలాడు మోకాళ్ల మీద కూలబడి, అసలు యజమాని హక్కు అసలు యజమానికి వచ్చిందని దేవుడికి దణ్ణం పెడతాడని చెప్పాను. చిన్న కేతమ్మ ఇప్పుడు హేర్టన్‌కు పక్కన కూర్చుని చదువు చెబుతోందనీ, తప్పు చదివితే జుట్టు పట్టి లాగుతానంటోందనీ, కొత్త సంవత్సరం రోజున పెళ్లనీ, పల్లపింటికి మారిపోతున్నారనీ చెప్పాను. ఊళ్లోవాళ్లకు మాత్రం హీత్‌క్లిఫ్ ఒక ఆడమనిషితో గుట్టమీద తిరుగుతూ ఇంకా కనిపిస్తున్నాడట అని కూడా చెప్పాను.

దయ్యాల ముక్క ఆవిడ వినిపించుకోలేదు. చాలాసేపు చూరునీళ్ల చప్పుడు వింటూ పడుకుని, నేను నిద్రపోతున్నానేమో అని కూడా చూడకుండా, "పెళ్లి ఎక్కడికీ పోదు, ముందు రిజిస్ట్రారు ఆఫీసుకెళ్లి పేరు మార్పించుకోమనవే ఆ పిల్లాణ్ణి" అంది.